జబ్బుకి పేరు దొరక్కముందు

2025 సెప్టెంబరు మొదటి వారంలో తురకపాలెం పేరు పత్రికలకెక్కింది. గుంటూరు రూరల్ మండలంలో, నగరం పక్కనే ఉన్న ఊరు. చుట్టుపక్కల రాతి క్వారీలు, తవ్వి వదిలేసిన గుంటల్లో నీళ్లు. అప్పటికి రెండు మూడు నెలల్లోనే ఆ ఊళ్లో ఇరవై మందికి పైగా చనిపోయారు. చాలామందికి ముందు జ్వరం, దగ్గు, ఆపైన ఆయాసం, ఆసుపత్రిలో చేరిన కొద్దిరోజులకే అవయవాలు ఒక్కొక్కటిగా పనిచేయకపోవడం. దీన్ని ఆరోగ్య అత్యవసర పరిస్థితిగా చూడాలని ముఖ్యమంత్రి అధికారులను ఆదేశించారు. వైద్య శిబిరాలు పెట్టారు, ఊరి నీళ్లు తాగొద్దన్నారు, రక్త నమూనాలు తీశారు. అనుమానం మెలియాయిడోసిస్ మీదికి వెళ్లింది. చాలామంది డాక్టర్లు సైతం పుస్తకంలో చదవడమే తప్ప మంచం మీద చూసి ఎరగని జబ్బు అది. ఆ తర్వాత నీటి పరీక్షల్లో యురేనియం ఆనవాళ్లు బయటపడ్డాయన్న వార్తలూ వచ్చాయి.

సూక్ష్మజీవి వాటా ఎంత, నీళ్ల వాటా ఎంత అనేది తేల్చడం ప్రయోగశాలల పని. నన్ను పట్టుకుని వదలని ప్రశ్న వేరే ఉంది. పక్కనే పెద్దాసుపత్రి, దానికి అనుబంధంగా 1946లో పెట్టిన మెడికల్ కాలేజీ. కొత్తపేటలోకి అడుగుపెడితే సందుకో నర్సింగ్ హోం. ఇటు మంగళగిరిలో ఎయిమ్స్. ఇంతమంది వైద్యుల కళ్లముందే ఒక చిన్న ఊరి నుంచి ఇన్ని చావులు నెలల తరబడి ఎలా దాటిపోయాయి?

ఏ వైద్యుడి ముందుకూ ఊరు రాదు, మనిషి వస్తాడు. అదే దీనికి జవాబు. షుగరున్న యాభై ఏళ్ల మనిషి నిమ్ముతో వచ్చి నాలుగు రోజుల్లో పోతే అందులో వింతేముంది? ఇంకో ఆసుపత్రిలో ఇంకొకరు. ఒకరి కాగితం మీద నిమోనియా అని ఉంటుంది, మరొకరిది సెప్సిస్, మూడో మనిషిది కిడ్నీ ఫెయిల్యూరు. మూడు కాగితాలూ మూడు ఫైళ్లలో పడి ఉంటాయి. వాటన్నింటినీ ఒకచోట చూసేది ఊరొక్కటే. పెదకర్మ భోజనాలకు వారంలో రెండుసార్లు వెళ్లొచ్చిన మనిషికి ఏదో తేడాగా ఉందని ఏ ప్రయోగశాల కంటే ముందే తెలుస్తుంది. ఆ తెలిసినదాన్ని రాసుకుని పైకి పంపే గడి ఎక్కడుందన్నదే అసలు సంగతి.

ముందు ఆ జబ్బు సంగతి కొంచెం చూద్దాం, ఎందుకంటే దాని గుణంలోనే చిక్కంతా ఉంది. మెలియాయిడోసిస్‌కి కారణం బర్కోల్డేరియా సూడోమల్లై అనే బాక్టీరియా. మన కడుపులోనో దోమ ఒంట్లోనో కాదు, తడి మట్టిలో, మురుగు నీటిలో దాని కాపురం. వానాకాలంలో పైకి తేలుతుంది. పాదం మీది పగులులోంచో, గాలిలో ఎగిరిన తుంపర ద్వారానో, తాగే నీటి ద్వారానో ఒంట్లోకి చేరుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను చాలావరకు ఏమీ చేయదు. షుగరు, కిడ్నీ జబ్బు, తాగుడు అలవాటు ఉన్నవాళ్ల జోలికి మాత్రం గట్టిగా వస్తుంది. ఊపిరితిత్తుల్లో చేరితే క్షయలా కనిపిస్తుంది, కాలేయంలో చీముగడ్డలా, రక్తంలో పడితే మామూలు సెప్సిస్‌లా. 2016లో అంతర్జాతీయ పరిశోధక బృందమొకటి ప్రపంచంలో ఏటా లక్షా 65 వేల మందికి ఈ జబ్బు వస్తుందనీ, 89 వేల మంది చనిపోతారనీ అంచనా కట్టింది. అందులో పెద్ద వాటా మన దేశానిదే. మన ఆసుపత్రుల్లో ఏటా నిర్ధారణ అయ్యే కేసులను దాని పక్కన పెడితే తేడా వెక్కిరిస్తుంది.

దీన్ని మొదట గుర్తించింది మన తెలుగు కూలీలు ఓడలెక్కి వెళ్లిన రంగంలోనే, అంటే రంగూన్‌లోనే. 1911లో అక్కడ శవపరీక్షలు చేస్తూ ఆల్‌ఫ్రెడ్ విట్మోర్, ఆయనతో పనిచేసిన సి.ఎస్. కృష్ణస్వామి ఒక పోలిక గమనించారు. మార్ఫియా సూదులకు అలవాటుపడ్డ నిరుపేదలు, తిండికి లేక చిక్కి శల్యమైనవాళ్లు, లోపల మాత్రం గుర్రాలకు వచ్చే గ్లాండర్స్ జబ్బును పోలిన చీముగడ్డలు. గుర్రాలతో వీళ్లకేమో ఏ సంబంధమూ లేదు. మరుసటి ఏడాది ఇండియన్ మెడికల్ గెజిట్‌లో దీన్ని కొత్త జబ్బుగా ప్రకటించారు. ఒక్క శవాన్ని చూసి ఉంటే వాళ్లూ మామూలు చీముగడ్డే అనుకునేవారు. ఒకే చోట నిలబడి వరసగా చూశారు కాబట్టి దొరికింది.

ఇప్పుడు ప్రయోగశాల బల్ల దగ్గరికి వద్దాం. రోగి రక్తాన్ని కల్చర్ పెడతారు. ఒకటి రెండు రోజులకు మొలకలు వస్తాయి. సూక్ష్మదర్శినిలో గ్రామ్ నెగటివ్ కడ్డీలు, రెండు చివర్లూ ముదురుగా, నడుమ లేతగా, పిన్నీసు ఆకారంలో ఉంటాయి. ఆక్సిడేజ్ పరీక్ష పాజిటివ్. ఇక్కడే తప్పటడుగు పడుతుంది. ‘ఏదో సూడోమోనాస్ జాతి, బయటినుంచి కలిసింది’ అని రాసి పళ్లెం పారేయడం తేలిక. అలా పారేయకుండా మూడు మందుబిళ్లలు పెట్టి చూస్తే చాలు: జెంటామైసిన్, కొలిస్టిన్, కో-అమాక్సిక్లావ్. మొదటి రెండింటి అంచుదాకా బాక్టీరియా దర్జాగా పెరిగి, మూడోదాని చుట్టూ మాత్రం ఖాళీ వలయం ఏర్పడితే అనుమానించాల్సిందే. అంతకంటే ఖరీదైన యంత్రం అక్కర్లేదు. ఇంకో రెండు రోజులు ఉంచితే మొలకలు ముడతలు పడతాయి. ఈ పళ్లేనికి మట్టివాసన వస్తుందని అంటారు, అలాగని మూత తీసి వాసన చూడకూడదు. అది పాతకాలపు ప్రమాదకరమైన అలవాటు.

పేరు తెలియడం వల్ల రోగికి ప్రాణం దక్కుతుంది. నిమ్ముకి మామూలుగా మొదలుపెట్టే మందులు దీనిమీద సరిగా పనిచేయవు. సెఫ్టాజిడిమ్ గానీ మెరోపెనెమ్ గానీ కనీసం పది పద్నాలుగు రోజులు నరానికి ఎక్కించి, ఆ తర్వాత మూడు నెలలు కో-ట్రైమాక్సజోల్ మాత్రలు మింగించాలి. అయితే రోగిని బతికించడానికి పేరు కావాలి గానీ, ఊళ్లో ఏదో జరుగుతోందని తెలియడానికి పేరుతో పనిలేదు. మన నిఘా వ్యవస్థ ఈ రెండింటినీ కలిపేసుకుందని నా అనుమానం.

ఆ వ్యవస్థ ఎలా పుట్టిందంటే, 1994లో సూరత్‌లో ప్లేగు వచ్చి జనం రైళ్లెక్కి పారిపోయాక, దేశానికి అంటువ్యాధుల కబురు అందించే ఏర్పాటేదీ సరిగా లేదని ఢిల్లీకి తెలిసింది. 2004లో సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం మొదలైంది. మూడు ఫారాలు. ఊళ్లో ఏఎన్ఎం నింపేది ఎస్, లక్షణాల లెక్క. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు నింపేది పి, అనుమానిత జబ్బుల లెక్క. ప్రయోగశాల నింపేది ఎల్, నిర్ధారణ అయినవాటి లెక్క. సోమవారం నుంచి ఆదివారం దాకా ఒక వారం. 2018 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాల్లో ఇదంతా ప్రయోగాత్మకంగా కాగితం మీదినుంచి ట్యాబ్ మీదికి వచ్చింది. 2021 ఏప్రిల్‌లో దేశమంతా అదే పద్ధతి. పద్దెనిమిది జబ్బుల జాబితా ముప్పై మూడుకు పెరిగింది.

ఎస్ ఫారంలో జ్వరం, దగ్గు, నీళ్ల విరేచనాలు, కామెర్లు, పిల్లల్లో కాళ్లు చచ్చుబడటం అన్నీ అయ్యాక అడుగున ఇంకో వరస ఉంటుంది. పైవాటిలో ఇమడకుండా, ఆసుపత్రిపాలు చేసే లేదా ప్రాణం తీసే అసాధారణ లక్షణాలు. నా దృష్టిలో ఫారం మొత్తంలో విలువైన వరస అదే, ఎందుకంటే కొత్త ముప్పుకి చోటున్నది అక్కడొక్కచోటే. కానీ ఆ గడిలో అంకె వేస్తే ఏమవుతుందో ఆలోచించండి. మండలం నుంచి ఫోను, జిల్లా నుంచి ఫోను, నీళ్ల ట్యాంకు ఎప్పుడు కడిగారని ప్రశ్న, క్లోరిన్ రిజిస్టరు తెమ్మని హుకుం. సున్నా వేస్తే ఎవరూ అడగరు. సున్నా వేసినవాళ్లను తప్పుపట్టే ముందు, అంకె వేసినవాళ్లకు మనం చేసే మర్యాద చూసుకోవాలి.

ఒక్క జబ్బు విషయంలో మాత్రం ఇది తలకిందులు. పోలియో నిఘాలో పోలియోని వెతకరు. పదిహేనేళ్లలోపు పిల్లల్లో ఉన్నట్టుండి చెయ్యో కాలో చచ్చుబడితే చాలు, కారణం ఏదైనా సరే, కబురు పెట్టాలి. పద్నాలుగు రోజుల్లోగా, ఇరవై నాలుగు గంటల తేడాతో రెండు మల నమూనాలు తీసి మంచుపెట్టెలో ప్రయోగశాలకు పంపాలి. పోలియో ఒక్కటీ లేకపోయినా లక్ష మంది పిల్లల్లో ఏటా ఇద్దరికైనా ఇలాంటి పక్షవాతం రావడం సహజం కాబట్టి, ఏ జిల్లా అయినా అంతకంటే తక్కువ చూపిస్తే ‘మీ దగ్గర జబ్బు లేదు’ అని మెచ్చుకోరు, ‘మీరు చూడటం లేదు’ అని నిలదీస్తారు. 2011 జనవరి 13న హౌరాలో చివరి కేసు నమోదైంది. 2014 మార్చిలో పోలియో లేనట్టు ధ్రువపత్రం వచ్చింది. ఇన్నేళ్లయినా ఆ వెతుకులాట ఇప్పటికీ నడుస్తోంది. సున్నాకి మందలింపు పడే నిఘా మనకు చేతకానిదేమీ కాదు, ఒకసారి చేసి చూపించిందే.

పోలియో నిఘా అనే ఆ వలకు వయసు హద్దుంది. 2025 ఫిబ్రవరిలో, పుణెలో గిలాన్ బారీ సిండ్రోమ్ కలకలం రేగిన కొద్దివారాలకు, ప్రకాశం జిల్లా కొమరోలు మండలం నుంచి వచ్చిన ఒక మహిళ అదే జబ్బుతో గుంటూరు పెద్దాసుపత్రిలో చనిపోయింది. అదీ కాళ్లనుంచి మొదలై పైకి పాకే పక్షవాతమే. పిల్లల్లో వస్తే పోలియో వలలో పడుతుంది. పెద్దవాళ్లకు ఆ వల లేదు.

పనిచేసిన సందర్భాలూ చెప్పాలి. అదే ఏడాది మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. అంతకుముందు నెలలోనే గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి ఉంది. పాప నమూనాలో ఇన్‌ఫ్లుయెంజా ‘ఎ’ రకం కనిపించినా అది మామూలు రకాలతో సరిపోలలేదు. అక్కడితో ఆపేయకుండా పైకి పంపారు. హెచ్5ఎన్1 అని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ నిర్ధారించింది. రాష్ట్రంలో మనిషికి ఈ వైరస్ సోకి చనిపోయినట్టు తేలింది అదే మొదటిసారి. ఇంటింటికీ తిరిగి చూశారు, చుట్టుపక్కల ఎవరికీ సోకలేదని తేలింది. ఇక్కడ ఒక్క మరణం చాలింది, తురకపాలెంలో ఇరవై దాటాల్సి వచ్చింది. జాబితాలో ఉన్న వైరస్‌ని వెతికే దారి పరిచి ఉంది, ఎవరూ అనుకోని మట్టి బాక్టీరియాకి ఆ దారి లేదు.

మరి పేరు తెలియని ముప్పుని పట్టేదెలా? చావుల లెక్కతో. రెండున్నర వేల జనాభా ఉన్న ఊరు ఒకటి అనుకుందాం. మన రాష్ట్రంలో ఏడాదికి వెయ్యికి ఆరుగురో ఏడుగురో చనిపోతారు. అంటే ఆ ఊళ్లో ఏడాదికి పదహారు, నెలకు ఒకటిన్నర లోపు. చావులు వరసకట్టి రావు కాబట్టి ఒక నెల ఒకటీ ఉండదు, ఒక నెల మూడుంటాయి. కేవలం యాదృచ్ఛికంగా ఒకే నెలలో ఐదుగురు, అంతకంటే ఎక్కువమంది పోయే అవకాశం నూటికి ఒకటి కాస్త పైన, అంటే ఆరేడేళ్లకోసారి. పదిమంది పోవడమంటే వేల ఏళ్లకోసారి కూడా జరగని మాట. పదో చావుదాకా ఆగనక్కర్లేదు, ఐదో చావుకే గంట మోగాలి.

ఇంత తేలికైతే ఎందుకు చేయడం లేదని అడగొచ్చు. రాష్ట్రంలో పంచాయతీలు పదమూడు వేల పైచిలుకు. ఒక్కో ఊళ్లో నూటికి ఒకటి అంటే, ఏ ముప్పూ లేని మామూలు నెలలో కూడా నూట యాభైకి పైగా ఊళ్లలో ఉత్తుత్తి గంట మోగుతుంది. హద్దు పెంచితే నిజం గంట ఆలస్యమవుతుంది, తగ్గిస్తే ఉత్తుత్తి గంటలతో చెవులు మూసుకుపోతాయి. జల్లెడ కన్ను ఎంతుండాలన్న పేచీ ఇది. ప్రపంచంలో ఏ నిఘా వ్యవస్థా దీన్ని తప్పించుకోలేదు. గంట మోగితే చేసే మొదటి పని ఖరీదు తగ్గించడమే దీనికి విరుగుడు. కేంద్ర బృందం దిగనక్కర్లేదు. పీహెచ్‌సీ నుంచి ఒకరు వెళ్లి ఐదిళ్లలో కూర్చుని, ఎన్నాళ్ల జ్వరం, ఏ ఆసుపత్రి, ఏ నీళ్లు, ఏ పని అని అడిగితే ఒక పూట పని. నూట యాభైలో ఎక్కువ చోట్ల ముసలితనం, రోడ్డు ప్రమాదం, గుండెపోటు అని తేలిపోతుంది. ఐదుగురిలో నలుగురు షుగరు మనుషులు, నలుగురికీ పది రోజులలోపు జ్వరం అని తేలిన చోట నిలబడి చూడాలి.

చట్టప్రకారం చావుని ఇరవై ఒక్క రోజుల్లో నమోదు చేయించాలి. అంత వ్యవధిలో ముప్పు రెండు వీధులు దాటుతుంది. పైగా 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యులు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. కారణం సంగతి పక్కనపెట్టి, పేరు, వయసు, తేదీ ఈ మూడే ఆ రోజుకారోజు ఆశా కార్యకర్త ఫోనులోంచి వెళ్తే పైన చెప్పిన లెక్క వేయడానికి సరిపోతుంది. ఎవరు పోయారో ఆమెకు ఎలాగూ తెలుసు.

ఈ లెక్క అందుకోలేని ముప్పులూ మన నేలమీద ఉన్నాయి. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లో, హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి అక్కడి జనం నడుములు బిగుసుకుపోవడానికి కారణం బావి నీళ్లలోని ఫ్లోరైడ్ అని తేల్చారు. దేశంలో ఈ జబ్బుని శాస్త్రీయంగా నమోదు చేసిన తొలి వ్యాసం అది, అచ్చయింది రంగూన్ వ్యాసం వచ్చిన ఇండియన్ మెడికల్ గెజిట్‌లోనే. ఎద్దులు కాళ్లు ఈడ్చడం రైతులు అంతకుముందే గమనించారని చెబుతారు. ఫ్లోరోసిస్ ఏ నెలలోనూ చావుల సంఖ్య పెంచదు. ముప్పై ఏళ్లకు మనిషిని వంచుతుంది. దాని తొలి ఆనవాలు బడిపిల్లల పళ్లమీది గోధుమరంగు చారల్లో ఉంటుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగే ఊళ్లో దాన్ని కనిపెట్టాల్సింది మరణాల రిజిస్టరు కాదు, ఎనిమిదేళ్ల పిల్లల నోళ్లు. నీళ్లలో యురేనియం ఉన్నా అంతే, దాని దెబ్బ ఏళ్ల తరబడి కిడ్నీల మీద.

పత్తి, మిరప చేలలో పురుగుమందు సంగతి ఇంకోరకం మౌనం. 2003 సీజన్‌లో దేశంలోని మూడు పత్తి పల్లెల్లో యాభైమంది ఆడవాళ్లు తమకీ తమ ఇంటి మగవాళ్లకీ మందు కొట్టాక ఏమయిందో సీజనంతా తామే రాసిపెట్టుకున్నారు. 323 సందర్భాల్లో 83.6 శాతం ఏదో ఒక విష లక్షణంతో ముగిశాయి. చిక్కటి మందు కలిపి ట్యాంకులు నింపిన ఆడవాళ్లకు, పిచికారీ చేసిన మగవాళ్లతో సమానంగా ముప్పు ఉంది. నూటికి ఆరుసార్లు పరిస్థితి బాగా విషమించింది. ఆసుపత్రికి వెళ్లినవాళ్లు ఒక్కరూ లేరు. ఆసుపత్రి గుమ్మం దగ్గర కూర్చుని లెక్కపెట్టే నిఘాకి ఆ 323లో కనిపించేది సున్నా. తల తిరిగితే మజ్జిగ తాగి చెట్టుకింద పడుకోవడం మన దగ్గర జబ్బుల్లోకి రాదు.

చివరగా, ఊరి లెక్క అన్నప్పుడు ఏ ఊరు అన్న పేచీ ఒకటుంది. జనవరి దాటాక గుంటూరు, పల్నాడు, ప్రకాశం మిరప చేలకు కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు కోతకు వస్తాయి. చేలగట్ల మీద పట్టాలు కప్పిన గుడిసెలు, మోటారు దగ్గరి నీళ్లు. ఏప్రిల్‌లో తిరుగు ప్రయాణం. వాళ్లు ఈ ఊరి ఆశా రిజిస్టరులో ఉండరు, జ్వరంతో ఇంటికి చేరేసరికి ఆ ఊరి ఆశాకి వీళ్లు ఎక్కడినుంచి వచ్చారో తెలియదు. చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదు కావాలన్నది చట్టం. కాబట్టి ఇక్కడి నీళ్లు తాగి ఆదోనిలో పోయిన మనిషి ఆదోని లెక్కలోకే వెళ్తాడు. మెలియాయిడోసిస్ లాంటి జబ్బు సోకినా బయటపడటానికి మూడు వారాలు పట్టొచ్చు. జ్వరంతో వచ్చిన ప్రతి మనిషినీ ‘గత మూడు వారాల్లో ఎక్కడ పనిచేశావు, ఏ నీళ్లు తాగావు’ అని అడిగి, ఆ ఊరి పేరుని రోగి సొంతూరి పక్కనే ఇంకో గడిలో రాయడానికి ఓపీ చీటీ మీద రెండంగుళాల చోటు చాలు. ఇప్పుడా చీటీ మీద ఉన్నది ఒక్క చిరునామా గడే.